అక్క ఎప్పుడు ఏడ్చింది?

కత్తెరకు అసలు పేరు ఒకటి ఉంది కానీ, అది అతని కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఫంక్షన్ల వీడియోలు కోసి అతికించడం అతని వృత్తి కాబట్టి పెద్దా చిన్నా అందరూ కత్తెర అనే పిలుస్తారు. నిజానికి అతని గదిలో కత్తెరన్నదే లేదు. టైర్ల దుకాణం పైన ఒక గది, రెండు తెరలు, ఒక కీబోర్డు, వెనక్కి వాలితే కిర్రుమనే కుర్చీ, వెలుతురు రాకుండా కిటికీకి బిగించిన నల్లగుడ్డ. అంతే. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో కూర్చుని ఊరందరి నవ్వులూ ఏడుపులూ అతనే పంచిపెడుతున్నాడు.

పంచిపెట్టడమని ఊరికే అనలేదు. ఎవరైనా మైకు ముందు మాట్లాడుతున్నప్పుడు మధ్యమధ్య వినేవాళ్ళ మొహాలు చూపించాలి కదా. నిజంగా ఉపన్యాసం వింటున్న మొహం చూపిస్తే చూసేవాడికి కూడా నిద్రొస్తుంది. అందుకని కత్తెర భోజనాల దగ్గర నవ్విన నవ్వును తెచ్చి ముఖ్య అతిథి గారి జోకు పక్కన పెడతాడు. ఆవలించి కళ్ళు చెమర్చిన పెద్దమనిషిని తెచ్చి కూతురి మాటల పక్కన పెడతాడు. ఒకసారి అలాంటి పెద్దమనిషే ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, కత్తెర రెండు చేతులూ పట్టుకుని, "మా అమ్మాయి ఆ మాటన్నప్పుడు తట్టుకోలేకపోయానయ్యా. నీ కెమెరా భలే పట్టేసింది" అన్నాడు. కత్తెర వినయంగా తల వంచుకున్నాడు. ఆయన దిగి వెళ్ళాక కడుపుబ్బ నవ్వుకున్నాడు. మొహానికి సొంత అర్థం ఉండదు, పక్కన ఏది పెడితే అదే దాని అర్థం అన్నది అతని సిద్ధాంతం. దాని మీదే ఇల్లు గడుస్తోంది.

ఆ సిద్ధాంతం వచ్చి తన మెడకే చుట్టుకుంటుందని పాపం అతనికేం తెలుసు?

ఈసారి బల్ల మీదికి వచ్చిన వీడియో సొంత అక్కది. అక్క పెద్దాస్పత్రిలో దుప్పట్ల గది చూసేది. ఉతికి వచ్చిన దుప్పట్లు, దిండు గలీబులు మడతపెట్టి ఏ వార్డుకు ఎన్ని కావాలో అన్ని పంపడం, మాసినవి తిరిగి రాబట్టడం, చిరిగినవి కుట్టించడం ఆమె పని. ముప్పై ఎనిమిదేళ్ళు చేసింది. నర్సులు దుప్పట్లక్క అనేవాళ్ళు. తల్లి పోయేనాటికి కత్తెరకు తొమ్మిదేళ్ళు, అక్కకు ఇరవై. తండ్రి అంతకు ముందే లేడు. ఆ ఏడాదే ఆ ఉద్యోగంలో చేరి తమ్ముణ్ణి పెంచింది, చదివించింది, ఒక ఇంటివాణ్ణి చేసింది. తను మాత్రం పెళ్ళి ఊసెత్తలేదు. ఎవరైనా ఎత్తితే, "ముందు ఈ దుప్పట్ల లెక్క తేలనీ" అనేది. ఆ లెక్క పోయిన శనివారం తేలింది. పదవీ విరమణ సభ జరిగింది.

సభలో కత్తెర కూడా మాట్లాడాడు. మాట్లాడటమే కాదు, అక్కకు తెలియకుండా గుండెల్లో దాచుకున్న కబురు రెండు వందల మంది ముందు బయటపెట్టాడు. "ఇన్నాళ్ళు మా అక్క ఒంటరిగా ఉంది. ఇక ఉండదు. వచ్చే ఆదివారం మా ఇంటికి వచ్చేస్తోంది. గది కూడా సిద్ధం చేశాం. అక్కా, వస్తున్నావుగా?" అన్నాడు. హాలు చప్పట్లతో మారుమోగింది. వేదిక మీద కూర్చోనని మొండికేసి ముందు వరసలో కూర్చున్న అక్క, తల ఊపింది. కత్తెర గాల్లో తేలుతూ వేదిక దిగాడు.

తర్వాత సామాన్ల వ్యాను మాట్లాడాడు. అతని కూతురు అప్పటికే తన గది అత్తకు వదిలేసి పుస్తకాలతో సహా హాల్లోకి మారిపోయింది. అంతా సవ్యంగానే ఉంది, బుధవారం పొద్దున్న కత్తెర ఆ వీడియో తెరిచేదాకా.

తెరిస్తే అక్క ఏడుస్తోంది.

పదకొండు సెకన్లు. ముందు వరసలో కూర్చుని కెమెరాకు కాస్త పక్కగా దేన్నో చూస్తోంది. చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. ఆరో సెకను దగ్గర పెదవులు బిగించింది. ఎనిమిదో సెకనులో పెదవుల చివర్లు పైకి లేచాయి, నవ్వబోతోందా అనిపించేటంత. అంతలోనే కళ్ళ నిండా నీళ్ళు తిరిగి చెంపల మీదికి జారాయి. పదకొండో సెకనులో కెమెరా ఇంకెటో తిరిగిపోయింది.

కత్తెర కుర్చీ కిర్రుమంది. అమ్మ పోయినప్పుడు కూడా అక్క ఏడవగా అతను చూడలేదు. అతను స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు ఆస్పత్రివాళ్ళ మీద అరిచిందే తప్ప ఏడవలేదు. అలాంటి మనిషి ఏడ్చింది. ఎప్పుడు ఏడ్చింది? తను వేదిక మీద ఆ కబురు చెప్పినప్పుడేనా? అయితే అది సంతోషమా, లేక ఇష్టం లేకపోవడమా? ఇష్టం లేకపోతే ఆదివారం ఏం కావాలి?

ఏ సమయానికి తీశారో చూస్తే తేలిపోతుంది కదా అనుకున్నాడు. చూస్తే ఆ ముక్కకు సమయం లేదు. "ఏడుపులు-4" అని మాత్రం ఉంది.

వినేవాళ్ళ మొహాలు తీసే రెండో కెమెరా పట్టింది వణుకుడు. చెయ్యి కుదురుగా ఉండదు కాబట్టి ఆ పేరు వచ్చింది. పన్నెండేళ్ళుగా కత్తెర దగ్గరే చేస్తున్నాడు. ఫోన్ చేస్తే టీ తాగుతూ ఎత్తాడు.

"ఒరేయ్, మా అక్క మొహం ఎప్పుడు తీశావు? ఎవరు మాట్లాడుతుంటే?"

"అదేంటన్నా, మొహాలకు టైం ఎందుకు? నువ్వే కదా చెప్పావు, నవ్వులు ఒక చోట, ఏడుపులు ఒక చోట, చప్పట్లు ఒక చోట పెట్టి కొత్త నంబర్లు వెయ్యమని. పాత నంబర్లు ఉంచితే గందరగోళం, తీసెయ్యి అన్నావు. తీసేశా."

"కెమెరా కార్డులో ఉంటుంది కదరా."

"కార్డు మీద ఆదివారం ఇంకో ఫంక్షన్ తీశాం. మర్చిపోయావా?"

"పోనీ శబ్దం? వెనక ఎవరు మాట్లాడుతున్నారో వినపడుతుందిగా?"

"ఆ కెమెరాకి మైకు పోయి మూడేళ్ళైందన్నా. బాగు చేయిద్దామంటే, మొహాలకు మాటెందుకురా అని నువ్వే అన్నావు."

అన్నాడు. అన్నీ తనే అన్నాడు. పన్నెండేళ్ళుగా తను కష్టపడి నేర్పిన పనిని వాడు అక్షరం పొల్లుపోకుండా చేశాడు. తిట్టడానికి నోరు తెరిచి, ఎవణ్ణి తిట్టాలో తెలియక మూసుకున్నాడు.

గుర్తు చేసుకోరా అంటే వణుకుడు కాసేపు ఆలోచించి, "పెద్ద డాక్టరు మాట్లాడేటప్పుడు అనుకుంటా. కాదు కాదు, నువ్వు మాట్లాడేటప్పుడే. నువ్వు అంత బాగా మాట్లాడావు కదన్నా" అన్నాడు. అది సాక్ష్యమో, జీతం పెంచమనడమో కత్తెరకు అంతుపట్టలేదు.

ఆధారాలు వెతకడం మొదలుపెట్టాడు. ఆ పదకొండు సెకన్లలో అక్క పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అది తన కుర్చీయే. తను వేదిక మీద ఉన్నాడన్నమాట! ఎగిరి గంతేసినంత పని చేశాడు. కానీ వైర్లు సరిచూడటానికి తను ఆ కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచాడో గుర్తొచ్చి కూలబడ్డాడు. వెనక వరసలో ఒకాయన చేతిలో కాగితపు కప్పు ఉంది. టీ రెండుసార్లు ఇచ్చారు. పైగా ఆయన ఖాళీ కప్పు కూడా చివరిదాకా చేతిలోనే పట్టుకుని తిరిగే రకంలా ఉన్నాడు. ఒక మూల గోడ గడియారం సగం కనిపించింది. ఆ సగంలో ముళ్ళు లేవు.

ఇక చేసేదేమీ లేక తనకు వచ్చిన పనే చేశాడు. తన ఉపన్యాసం తెచ్చి ఆ మొహం ముందు పెట్టాడు. "అక్కా, వస్తున్నావుగా?" అని తను అంటాడు, వెంటనే అక్క మొహం. చూస్తూ తనే కళ్ళు తుడుచుకున్నాడు. ఎంత ఆనందం! ముప్పై ఎనిమిదేళ్ళ ఒంటరితనం కరిగి కారిపోతున్నట్టే ఉంది.

తర్వాత పెద్ద డాక్టరు గారి మాటలు తెచ్చి పెట్టాడు. ఆయన అక్కను ఆకాశానికి ఎత్తేసి, వచ్చే నెల నుంచి దుప్పట్ల పని బయటి కంపెనీకి ఇస్తున్నామని, ఆ గది మూసేసి అక్కడ ఫైళ్ళు పెట్టుకుంటామని చల్లగా చెప్పాడు. వెంటనే అక్క మొహం. అదే మొహం. ఈసారి అందులో ఆనందం మచ్చుకైనా లేదు. కళ్ళ ముందే కొంప కూలుతుంటే చూస్తూ కూర్చున్న మనిషి మొహం అది.

ముసలి నర్సు ఒకావిడ వేదికెక్కి అక్కను అనుకరించింది. పెన్ను కారితే దుప్పటికి తుడిచిన కుర్ర డాక్టరును అక్క ఎలా నిలబెట్టి కడిగేసిందో అదే గొంతుతో, అదే నడుం మీద చెయ్యితో చేసి చూపించింది. దాని పక్కన పెడితే, ఇంకేముంది, అక్క నవ్వాపుకోలేక కళ్ళలో నీళ్ళు తెచ్చుకుంది.

మూడూ నమ్మేలా ఉన్నాయి. మూడూ నిజమే అనిపిస్తున్నాయి. కత్తెర బుర్ర గిర్రున తిరిగింది.

మధ్యాహ్నం భార్య భోజనం డబ్బాతో వచ్చింది. ఆవిడ బట్టల దుకాణంలో పనిచేస్తుంది, ఒంటిగంటకు విరామం దొరికితే ఇటు వస్తుంది. కత్తెర ఏమీ చెప్పకుండా మొదటిది చూపించాడు.

"అయ్యో, వదిన ఎంత పొంగిపోయిందండీ! నేను చెప్పలేదూ, పైకి అలా ఉంటుంది కానీ మనసంతా మన మీదే" అని కళ్ళు ఒత్తుకుంది.

రెండోది చూపించాడు. ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "పాపం. ఆ గదంటే ప్రాణం కదండీ వదినకు. ఇప్పుడు మన ఇంట్లో కూర్చుని ఏం చేస్తుంది? నాకు భయంగా ఉందండీ, బెంగ పెట్టుకుంటుందేమో."

మూడోది చూడగానే పకపకా నవ్వింది. "చూశారా, వదిన నవ్వితే ఎంత బావుంటుందో!"

"ఒసేయ్, మూడింటిలోనూ ఒకే మొహం. ఒకే పదకొండు సెకన్లు."

భార్య నవ్వు ఆగిపోయింది. మూడూ మళ్ళీ వేయించుకుని చూసింది. చూశాక కోపం వచ్చింది. తనను ఆట పట్టించినందుకు వచ్చిందో, తను ఆటలో పడినందుకు వచ్చిందో తెలియదు.

"మరైతే నేను చూసిందేంటి ఇంతసేపూ?"

"పక్కనున్నది చూశావు."

"ఇన్నేళ్ళుగా నా మొహం చూస్తున్నారు కదా. పక్కన ఏం పెట్టుకుని చూస్తున్నారు?"

కత్తెర డబ్బా ముందుకు లాక్కున్నాడు. అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు. ఆవిడ వదిలే రకం కాదు. "అసలు వదినను మీరు అడిగారా, వస్తావా అని?"

"సభలో అడిగాను కదా."

"అంతకు ముందు. అక్క ఒప్పుకుంది, గది ఖాళీ చేయించు అని పది రోజుల కిందటే నాతో అన్నారు."

కత్తెర నీళ్ళు నమిలాడు. "ఒప్పుకున్నట్టే కదా అనుకున్నాను. ఎందుకు ఒప్పుకోదు?"

"అడక్కుండానే?" అంది భార్య. డబ్బా మూత గట్టిగా నొక్కి పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ రోజూ మర్నాడూ కత్తెరకు పని సాగలేదు. సిగ్నలు దగ్గర ఆగితే పక్క బండి మీద ఒకామె కళ్ళు తుడుచుకుంటోంది. దుమ్ము పడిందా, దుఃఖమా? ఆమె వెనక ఆస్పత్రి బోర్డు ఉంది కాబట్టి దుఃఖమే అనుకున్నాడు. ముందు బండి కదిలి ఆమె నాలుగడుగులు ముందుకు జరిగితే ఆ బోర్డు పోయి వెనక ఐస్‌క్రీం దుకాణం వచ్చింది. ఇప్పుడు దుమ్మే అనిపించింది. ఇదేం ఖర్మరా అనుకున్నాడు. ఇన్నేళ్ళు మొహాలకు అర్థాలు తను ఇస్తున్నానని మురిసిపోయాడు. అసలు మనుషుల్లో తను చదువుకున్నవన్నీ ఇలాంటి బోర్డులేనా?

తన సంగతి కూడా తవ్వుకోవడం మొదలుపెట్టాడు. పదహారేళ్ళప్పుడు అక్క అతన్ని ఫోటో స్టూడియోకి తీసుకెళ్ళింది. యజమాని ముందు నిలబెట్టి, "వీడికి కెమెరా అంటే ప్రాణమండీ. ఏరా, అంతే కదా?" అంది. తను తల ఊపాడు. ఆ రోజు నుంచి కెమెరా అంటే ప్రాణమే. నిజంగా ప్రాణమై తల ఊపాడా, తల ఊపాడు కాబట్టి ప్రాణమైందా? ముప్పై ఏళ్ళ తర్వాత ఈ ప్రశ్న వేసుకుంటే ఏం ఉపయోగం? కానీ అది చెవిలో దూరిన చీమలా కదులుతూనే ఉంది.

శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ చంకలో పెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాడు. ఇల్లంటే రెండో అంతస్తులో రెండు గదులు. కిటికీ తెరిస్తే ఆస్పత్రి నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. గది మధ్య ఆరు అట్టపెట్టెలు ఉన్నాయి. ఐదింటికి టేపు వేసి ఉంది. ఒక దాని టేపు మాత్రం చింపి ఉంది.

"కట్టింది మళ్ళీ విప్పావేంటక్కా?"

"కెటిల్ అందులో పోయింది. టీ పెట్టుకోవద్దూ?"

కెటిల్ కోసం విప్పిన పెట్టె రావడానికి గుర్తా, ఉండిపోవడానికి గుర్తా అని కత్తెర బుర్ర అప్పుడే పని మొదలుపెట్టింది. దాని నోరు నొక్కి, లాప్‌టాప్ బల్ల మీద పెట్టాడు. అక్క టీ కప్పులు తెచ్చింది, కళ్ళజోడు పెట్టుకుంది.

మొదటిది వేశాడు. తన మాటలు, ఆ వెంటనే ఆమె మొహం. అక్క చివరిదాకా చూసింది. తర్వాత అతని తల నిమిరింది.

"అవున్రా. నువ్వు మాట్లాడుతుంటే అమ్మ గుర్తొచ్చింది. వింటే ఎంత సంతోషపడేదో అనుకున్నాను."

కత్తెర గుండెల మీంచి బరువు దిగిపోయింది. అక్కడితో లాప్‌టాప్ మూసేసి టీ తాగి వెళ్ళిపోతే బంగారంలా ఉండేది. ఆదివారం వ్యాను వచ్చేది, అందరూ సుఖంగా ఉండేవాళ్ళు. కానీ ఆ పెద్దమనిషి గుర్తొచ్చాడు. ఆవలించి, ఏడ్చాననుకుని, మెట్లెక్కి వచ్చి చేతులు పట్టుకున్నవాడు. ఇప్పుడు అక్క కూడా అలాగే చెబుతోందా? రెండోది వేశాడు.

అక్క ముందుకు వంగి చూసింది. "ఇదీ నిజమేరా. ఆయన గది మూసేస్తామంటుంటే నా కొంపకే తాళం వేసినట్టైంది. ముప్పై ఎనిమిదేళ్ళు."

మూడోది వేశాడు. అక్క కప్పు కింద పెట్టి మరీ నవ్వింది. "చంపేసింది ఆ రోజు ముసల్ది. నవ్వి నవ్వి నీళ్ళొచ్చేశాయి."

"అక్కా, నువ్వు ఏడ్చింది ఒక్కసారే. ఈ మూడూ నేను అతికించినవి. ఏదో ఒకటే నిజం. అసలు ఒకటైనా నిజమో కాదో కూడా తెలీదు."

"మరి మూడు చూపించావెందుకు?"

"నువ్వు చెబుతావని."

అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. వట్టి మొహం మాత్రమే వెయ్యమంది, ముందూ వెనకా ఏమీ లేకుండా. వేశాడు. మళ్ళీ వెయ్యమంది. నాలుగుసార్లు చూసింది, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు.

"నాకు అసలు ఏడ్చినట్టే గుర్తులేదురా," అంది. "నువ్వు చూపించేదాకా."

కింద వీధిలో ఎవరో గేటు తెరవమని హారను మోగిస్తున్నారు.

"దుప్పట్లు మడతపెడుతుంటే నాకొకటి అనిపించేది," అంది అక్క. "ఒకే గుడ్డ తానులోంచి కోసిన రెండు దుప్పట్లు. ఒకటి కాన్పుల వార్డుకి పంపుతాను, పిల్లాణ్ణి చుట్టుకుని బయటికి తెస్తారు, అందరూ నవ్వుతారు. ఇంకోటి పైన చివరి వార్డుకి పంపుతాను, ఎవరి మొహం మీదో కప్పుతారు. మర్నాడు రెండూ ఉతికొస్తాయి. ఏది ఎక్కడికెళ్ళొచ్చిందో వాసన చూసినా తెలీదు. నా బీరువాలో ఉన్నంతసేపు ఉత్త దుప్పట్లే."

"మరి నువ్వక్కా? నువ్వు కూడా దుప్పటివేనా?" అన్నాడు కత్తెర. ఎగతాళిగా అందామనుకున్నాడు కానీ గొంతు అలా పలకలేదు. "నిజం చెప్పు. మా ఇంటికి రావడం ఇష్టమేనా నీకు?"

"అంతమందిలో మైకు పట్టుకుని అడిగావు. కాదంటే నీ మొహం ఏమైపోయేది?"

"అంటే ఇష్టం లేదన్నమాట."

"అలా నా నోట్లో మాటలు పెట్టకు. అక్కడ కూర్చున్నప్పుడు రావాలనే అనిపించింది. ఒట్టు. చప్పట్లు కొడుతుంటే, నాకూ మనుషులున్నారు అనిపించింది. ఇంటికొచ్చి ఈ కిటికీ దగ్గర కూర్చుంటే, ఎక్కడికీ కదలొద్దు అనిపించింది. రేపు మీ ఇంట్లో, మీ పిల్ల వచ్చి అత్తా అంటే, ఇన్నాళ్ళు ఎందుకు రాలేదా అనుకుంటానేమో. ఏది నేను? నాకు తెలిస్తే నీకు చెప్పనా?"

కత్తెరకు కోపం వచ్చింది, బాధ వచ్చింది, ఆమె చెప్పింది అక్షరాలా అర్థమైంది కూడా. ఆ మూడూ కలిసి వస్తే మనిషి ఏం చేస్తాడు?

"ఇక్కడడిగితే ఇక్కడి జవాబు, అక్కడడిగితే అక్కడి జవాబు. నిన్ను ఎక్కడ కూర్చోబెట్టి అడగాలి చెప్పు?"

"అలాంటి చోటు ఉంటే ముందు నేనే వెళ్ళి కూర్చునేదాన్ని."

"ఎల్లుండి వ్యాను వస్తుందక్కా."

"వస్తే ఎక్కుతాను. ఒప్పుకున్నాను కదా."

అలా అని ఆమె కప్పులు తీసి లోపలికి వెళ్ళబోయింది. ఆ మాటలో ఏముందో కత్తెర వెతకలేదు. వెతికి వెతికి మూడు రోజులుగా అలిసిపోయాడు. ఒక్కటి మాత్రం తెలిసింది. వ్యాను వస్తే ఆమె ఎక్కుతుంది. ఇష్టమున్నా ఎక్కుతుంది, లేకున్నా ఎక్కుతుంది. ఎక్కాక ఇక అడగడానికేమీ ఉండదు. ఫోన్ తీసి వ్యానువాడికి చేశాడు.

"నేనే, కత్తెరని. ఆదివారం వద్దు. లేదు, సోమవారం కూడా వద్దు. తారీకు ఇప్పుడే చెప్పలేను. అవసరమైతే నేనే చేస్తాను."

ఫోన్ పెట్టి తలెత్తాడు. అక్క వంటింటి గుమ్మం దగ్గర రెండు కప్పులతో నిలబడిపోయింది. పెదవులు బిగించింది. పెదవుల చివర్లు కొంచెం పైకి లేచాయి. కళ్ళు నిండి, నీళ్ళు చెంపల మీదికి జారాయి.

కత్తెర చూస్తూ ఉండిపోయాడు. ఈసారి ఎవరూ ఏదీ కొయ్యలేదు. ముందు ఏం జరిగిందో అతనికి తెలుసు, ఏ మాట తర్వాత ఏ మాటో తెలుసు, ఆమె దేన్ని చూస్తోందో తెలుసు. తననే చూస్తోంది. అయినా ఆ మొహంలో ఏముందో అతనికి అర్థం కాలేదు.

"ఎందుకేడుస్తున్నావక్కా?"

"నువ్వు ఆపవనుకున్నాను."

"ఆపాలనా, ఆపకూడదనా?"

అక్క కప్పులు చేతుల్లో అలాగే ఉంచుకుని మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "అదే తెలియట్లేదురా నాన్నా," అంది.

కత్తెరకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. రెండింట్లో ఏది ముందు మొహం మీదికి వచ్చిందో అతనికి తెలియదు. అది చూసింది అక్క ఒక్కతే. అందులో ఆమె ఏం చదువుకుందో అడుగుదామని నోటిదాకా వచ్చింది కానీ అడగలేదు. లేచి వెళ్ళి ఆమె చేతుల్లోంచి కప్పులు అందుకున్నాడు.